మా హీరోని సముద్రంలో ముంచమనకండి: కథల పోటీలు పెట్టే పెద్దలకి ఓ బహిరంగ లేఖ

సంపాదకులకీ, జడ్జీలుగా కూర్చునే పెద్దలకీ నమస్కారమండీ.

పేరు రాయట్లేదు, ఏమనుకోకండి. మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసర్ని, ఊరు వైజాగ్, మల్కాపురం వైపు. మాలాంటివాళ్ళకి పర్మనెంట్ ఉద్యోగం అంటూ ఉండదు, ఒక షిప్పు దిగాక ఇంకోటి ఎక్కాలంటే మేనింగ్ ఏజెంటు దయ, ఆయనకి ఖాళీ దొరికితే మన పేరు నెట్లో కొట్టి చూస్తాడు, అదీ సంగతి. కలం పేరైతే మీలో కొందరికి తెలిసే ఉంటుంది, నా కథ వెనక్కి పంపింది మీరే కాబట్టి.

వెనక్కి పంపడం తప్పేం కాదు, వందల కథలు వస్తాయి, అన్నీ వేసుకోలేరు. నా గొడవ మీరు పంపుతూ రాసిన ఆ రెండు లైన్ల గురించి. "సముద్రం బాగా వచ్చింది, ముగింపు తేలిపోయింది, ఇద్దరిలో ఒకరు తుఫానులో పోతే కథకి బరువొస్తుంది, మార్చి పంపితే పరిశీలిస్తాం." ఇది ఒక పోటీవాళ్ళు. ఇంకోచోట ఫోన్ చేసి మరీ చెప్పారు, చాలా మర్యాదగానే, "బాబూ, ఇద్దరూ చక్కగా కలిసి ఉండిపోతే ఇంక కథేముంది" అని. ఆ తర్వాత నేను ఇంకో కాంట్రాక్టు కూడా చేసొచ్చాను, ఆర్నెల్లు, అట్లాంటిక్ అటొకసారి ఇటొకసారి దాటాను, అయినా ఆ "బరువు" అన్నమాట బుర్రలోంచి దిగలేదు.

నేను రాసింది రొమాన్స్ అండీ. ఒక బల్క్ క్యారియర్, అంటే బొగ్గూ ధాన్యం లాంటి సరుకు మోసే ఓడ, దాని మీద కాకినాడ కుర్రాడు థర్డ్ మేట్, అంటే మూడో ఆఫీసరు, వాడికంటే నాలుగేళ్ళు పెద్ద, భీమిలి వైపు వాడు, సెకండ్ మేట్, అంటే నాలాగా సెకండ్ ఆఫీసరు. ఇద్దరూ మగాళ్ళే. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం, చివరికి కలుస్తారు. రొమాన్స్ అన్నాక కలవాలి, అది చదివేవాళ్ళకీ రాసేవాళ్ళకీ మధ్య ఒప్పందం. మా వదిన పుట్టింటి నుంచి తెచ్చుకున్న బైండు పుస్తకాలు ఇంట్లో అటక మీద ఇంకా ఉన్నాయి, వీక్లీల్లో సీరియల్ పేజీలు కత్తిరించి వాళ్ళమ్మగారు బైండింగ్ చేయించినవి, వాటిల్లో అపార్థాలు, పంతాలు, మేనరికాలు, అమెరికా సంబంధాలు అన్నీ ఉంటాయి గానీ ఆఖరి వారానికి హీరోహీరోయిన్లు ఒక చోటకి చేరతారు. ఆ రచయిత్రులకి ఎవరైనా ఉత్తరం రాశారా, అమ్మా మీ హీరోయిన్ని గోదాట్లో తోసెయ్యండి బరువొస్తుంది అని? మగాడూ ఆడదీ కలిస్తే శుభం, ఇద్దరు మగాళ్ళు కలిస్తే తేలిపోయింది. ఎక్కడ తేడా వచ్చిందో మీరే చెప్పండి.

సరే, మీ మాటే విందాం, ముంచేద్దాం అనుకున్నా. ఒక రాత్రి నిజంగానే కూర్చుని ప్రయత్నించాను కూడా. అక్కడే ఇరుక్కుపోయా, ఎందుకంటే షిప్పులోంచి మనిషి పడితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. "అల వచ్చింది, అతన్ని మింగేసింది" అని ఒక్క లైన్లో రాయలేను. మనిషి పడ్డాడు అని కేక వినపడగానే బ్రిడ్జి, అంటే ఓడ నడిపే గది, దాని పక్కన వసారాలాంటి వింగ్‌లో వేలాడుతూ ఉండే లైఫ్‌బాయ్, అదే నీళ్ళలో తేలే రింగు, దాని పిన్ను లాగేస్తాం, అది లైటూ నారింజ రంగు పొగా వదుల్తూ నీళ్ళలో పడుతుంది, మనిషి పడిన చోటు గుర్తుండేలా జీపీఎస్‌లో ఎంఓబీ బటన్ నొక్కుతాం, మూడు లాంగ్ హారన్లు, ఎవడు ఏ వైపు పడ్డాడో ఆ వైపుకే చుక్కాని పూర్తిగా తిప్పుతాం, వెనకున్న ప్రొపెల్లరు వాడికి దూరంగా జరగాలని. పాత కోర్సు నుంచి అరవై డిగ్రీలు తిరిగాక మళ్ళీ రెండో వైపుకి ఫుల్లుగా, అలా తిరిగి తిరిగి ఓడ తను వచ్చిన దారికే ఎదురు తిరుగుతుంది. విలియమ్సన్ టర్న్ అంటారు. రెండొందల పాతిక మీటర్ల ఇనుము అది, ఆటో కాదు యూటర్న్ కొట్టడానికి. ఆ కాసేపూ ఒకడు బైనాక్యులర్ కూడా లేకుండా, కన్ను ఆర్పకుండా, నీళ్ళలో ఉన్న ఆ తల వైపే చెయ్యి చాపి నిలబడి ఉంటాడు, చెయ్యి దించితే మనిషి పోయినట్టే. అల మీద కొబ్బరికాయంత కూడా కనపడదు మనిషి తల.

ఇప్పుడు చెప్పండి, నా కథలో అలా చెయ్యి చాపి నిలబడేది ఎవడు? సెకండ్ మేటే. వాడు చెయ్యి దించుతాడా? నేను రాస్తే దించడు. దొరికేదాకా తిరుగుతూనే ఉంటాడు, ఆరు గంటలైనా సరే, మన బంగాళాఖాతం నీళ్ళు వెచ్చగానే ఉంటాయి, లైఫ్‌జాకెట్ ఉంటే మనిషి బతికే అవకాశం ఉంది. అంటే ముంచుదామని కూర్చుంటే కథే వాణ్ణి మళ్ళీ డెక్ మీదకి లాగేసింది. ఆ చాప్టర్ పనికొచ్చిందనుకోండి, ఉంచేశా.

అసలు బరువు కోసం తుఫాను దాకా పోవక్కర్లేదు. ఓడలో మామూలు రోజే ఇద్దరు మనుషులకి ఎంత కష్టంగా ఉంటుందో మీకు తెలీదు, తెలిస్తే తుఫాను అడిగేవాళ్ళు కాదు. థర్డ్ మేట్ వాచ్, అంటే బ్రిడ్జి డ్యూటీ, ఎనిమిది నుంచి పన్నెండు, సెకండ్ మేట్‌ది పన్నెండు నుంచి నాలుగు, పగలూ అంతే రాత్రీ అంతే. అంటే ఒకడు లేచేసరికి రెండోవాడు పనిలో ఉంటాడు, ఒకడు దిగేసరికి రెండోవాడు ఎక్కుతాడు. ఒకే ఇంట్లో డే షిఫ్టు మొగుడూ నైట్ షిఫ్టు పెళ్ళామూ ఉన్నట్టు. రోజుకి రెండుసార్లు, అర్ధరాత్రి పన్నెండుకీ మధ్యాహ్నం పన్నెండుకీ, హ్యాండోవర్ అని ఒక పది పదిహేను నిమిషాలు, అంతే.

అర్ధరాత్రి హ్యాండోవర్ నాకు చాలా ఇష్టమండీ, నా కథ మొత్తం దాని మీదే నడుస్తుంది. బ్రిడ్జిలో లైట్లుండవు. సినిమాల్లో చూపించినట్టు ట్యూబ్‌లైటు వేసుకుని ఓడ నడపరు, లైటు వేస్తే బయట ఏమీ కనపడదు. రాడార్ స్క్రీన్ కూడా బాగా డిమ్ చేసేస్తాం, చార్ట్ టేబుల్ దగ్గర చిన్న ఎర్ర బల్బు. వచ్చేవాడు ఓ పది నిమిషాలు ముందే వచ్చి చీకట్లో ఊరికే నిలబడాలి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా వాచ్ తీసుకోకూడదు. మొదట గొంతు వినపడుతుంది, తర్వాత చేతిలో కాఫీ కప్పు అంచు కనపడుతుంది, ఇంకాసేపటికి భుజం, ఆ తర్వాతే మొహం. ఇద్దరు ప్రేమించుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి చీకటి ఇంకెక్కడుంది చెప్పండి.

కానీ ఏకాంతం మాత్రం లేదు. రాత్రిపూట బయటకి కనిపెట్టి చూడ్డానికి లుకౌట్ అని ఒక ఏబీ, అంటే నావికుడు, తప్పనిసరిగా ఉంటాడు, హ్యాండోవర్ టైముకి దిగేవాడొకడు ఎక్కేవాడొకడు, ఇద్దరుంటారు. పైగా సీలింగ్‌లో మైకులు. విమానంలో బ్లాక్‌బాక్స్ ఉంటుంది కదా, షిప్పుల్లో వీడీఆర్ అని ఉంటుంది, బ్రిడ్జిలో మాట్లాడిన ప్రతి మాటా దాంట్లోకి ఎక్కుతుంది, కొత్త మిషన్లలో ముప్పై రోజుల మాటలు దాచుకుంటాయి. ఇంక మీరు చదివే ఇంగ్లీష్ కథల్లోలాగా చుక్కల కింద నిలబడి ఐ లవ్యూ చెప్పేస్తే, రేపు ఏదైనా చిన్న యాక్సిడెంటైతే ఆ ఐ లవ్యూని ఎంక్వయిరీలో ఓ ముగ్గురు ముసలి కెప్టెన్లు రివైండ్ చేసి చేసి వింటారు.

అందుకని నా వాళ్ళు ఏం చేస్తారంటే, హ్యాండోవర్ మాటల్లోనే చెప్పుకుంటారు. కోర్సు ఇంత, స్పీడు ఇంత, ఎడం వైపు ఒక టార్గెట్టు ఉంది రెండు మైళ్ళ దూరంలో క్లియర్‌గా పోతుంది, కెప్టెన్ నైట్ ఆర్డర్స్ సంతకం పెట్టా. ఇవే మాటలు రోజూ. మూడో వారంలో ఒక రాత్రి థర్డ్ మేట్ అన్నీ చెప్పేసి, చెప్పడానికి ఇంకేం లేక, "గాలి కొంచెం చల్లగా ఉంది, జాకెట్ వేసుకోండి సార్" అంటాడు. రికార్డర్‌కి అది వాతావరణం. నాకు అది ఆ కథలో మొదటి ముద్దు.

అసలు ముద్దు గురించి కూడా చెప్పేస్తా, అడగరు గానీ. బ్రిడ్జిలో ఇంకో మిషన్ ఉంటుంది, బీఎన్‌వాస్ అంటాం, ఆఫీసరు నిద్రపోయాడేమో అని కనిపెట్టేది. మూడు నుంచి పన్నెండు నిమిషాల్లోపు, ఎంత సెట్ చేస్తే అంత, ఏ కదలికా బటనూ లేకపోతే ముందు లైటు మెరుస్తుంది, పదిహేను సెకన్లు చూసి కుయ్‌మంటుంది, ఇంకో పదిహేను సెకన్లు చూసి కెప్టెన్ క్యాబిన్లో మోగుతుంది. అంటే మన హీరోలు వింగ్‌లో మైమరిచిపోయారనుకోండి, లోపల మెరుపు మొదలైన అర నిమిషంలో కెప్టెన్ లుంగీతో పైకొచ్చేస్తాడు. ఆ సీన్ రాస్తూ నాకు నేనే నవ్వుకున్నా, మా వదిన ఐతే పొట్ట పట్టుకుంది. మీరు తిప్పి పంపిన కథలోదే అది. చదివారో లేదో మరి.

క్యాబిన్లో కలవచ్చు కదా అంటారు. కలవచ్చు. కానీ డెక్ మీద వేసుకునే షూస్‌తో లోపలికి ఎవరూ పోరు, గుమ్మం బయటే విప్పుతాం, కాబట్టి ఎవరి షూస్ ఎవరి డోర్ ముందున్నాయో చూసి భోజనం వడ్డించే మెస్‌మన్ దగ్గర్నుంచి డెక్ మేస్త్రీ బోసన్ దాకా అందరికీ తెలిసిపోతుంది. నా కథలో కాకినాడ కుర్రాడు షూస్ చేత్తో పట్టుకుని లోపలికి తీసుకెళ్తాడు, అది చూసి సెకండ్ మేట్‌కి అర్థమవుతుంది వీడు టీ కోసం రాలేదని.

ఇంకోటి ఉందండీ, ఇది ఇంగ్లీష్‌వాళ్ళకి దొరకనిది, మనకే దొరికేది. వాళ్ళకి అందరూ యూ. మనకలా కాదు. షిప్పులో థర్డ్ మేట్ సెకండ్ మేట్‌ని సార్ అనే అంటాడు, మీరు అనే అంటాడు, ఒకే జిల్లావాళ్ళైనా సరే. రెండోవాడు మొదట్నుంచీ నువ్వు అనే అంటాడు, పెద్దోడు కాబట్టి. మరి ఈ "మీరు" ఎక్కడ "నువ్వు" అవుతుంది? ఏ రాత్రి, ఏ మాట దగ్గర, ఎవరు ముందు జారతారు? నేను ఈ ఒక్కదాని మీద పన్నెండు పేజీలు రాశా. ఒకసారి జారాక మళ్ళీ పొద్దున డ్రిల్లులో అందరి ముందూ "ఎస్ సార్" అనాలి కదా, అప్పుడు ఆ సార్ అనే మాట ఎలా వినపడుతుంది? దీన్ని తీసేయమన్నారు ఒక జడ్జిగారు, "సంబోధనల గురించి అనవసర విస్తరణ" అని. అనవసరమా? మన భాషలో సగం శృంగారం సంబోధనల్లోనే ఉంది కదండీ, ఏమండీ అనే మాట మీద ఎన్ని కథలు నడిచాయి.

"షిప్పుల్లో నిజంగా ఇలాంటివి జరుగుతాయా" అని కూడా అడిగారు, కొంచెం గొంతు తగ్గించి. మనుషులున్నచోట ఇష్టాలుంటాయి, షిప్పుల్లో ఉండేది మనుషులే. బ్రిటిష్ ప్యాసింజర్ షిప్పుల్లో పనిచేసిన గే స్టీవార్డులకి పొలారి అని ఒక రహస్య యాసే ఉండేది, పక్కన ప్యాసింజర్లు నిలబడి వింటున్నా అర్థం కాకుండా మాట్లాడుకోడానికి. ఇంగ్లండులో 1967లో చట్టం మార్చి ఇది నేరం కాదన్నప్పుడు కూడా మర్చంట్ షిప్పుల్లో పనిచేసేవాళ్ళకి మాత్రం వర్తించదు అని పెట్టుకున్నారు. 1994లో అది తీశారు గానీ, ఆ కారణం మీద ఉద్యోగంలోంచి తీసెయ్యొచ్చు అనే ముక్క అలాగే ఉంచారు, ఆ ముక్కని పుస్తకంలోంచి తీసేసరికి 2017 వచ్చింది. జరగనిదాని కోసం యాభై ఏళ్ళు ఇంత జాగ్రత్తగా చట్టాలు రాసుకోరు కదా.

మన దగ్గర 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇలాంటి ఇష్టాన్ని నేరం చేసిన 377 సెక్షన్ సంగతి తేల్చేసింది, అది మీకూ తెలుసు. కానీ నా హీరోలు ఇండియాలో లేరు, ఓడ మీద ఉన్నారు. ఓడ వెనక భాగంలో పేరు కింద ఒక ఊరి పేరు రాసి ఉంటుంది, చూసే ఉంటారు హార్బర్లో, మన్రోవియా, పనామా, మజురో అని. ఆ ఓడ ఎప్పుడూ ఆ ఊరు పోయి ఉండదు, రిజిస్ట్రేషన్ మాత్రం అక్కడ, టాక్సుల కోసమని. నడిసముద్రంలో ఆ డెక్ మీద చెల్లేది ఆ జెండా దేశం చట్టం. మజురో అంటే మార్షల్ ఐలాండ్స్, అక్కడ 2005 నుంచి నేరం కాదు. పనామాలో 2008 నుంచి కాదు. మన్రోవియా అంటే లైబీరియా, అక్కడ ఇప్పటికీ నేరమే. అంటే గంగవరంలో ఒకే జెట్టీ మీద ముందొకటి వెనకొకటి కట్టిన రెండు ఓడల్లో, ఇద్దరు వైజాగ్ కుర్రాళ్ళు రేవు దాటి నడిసముద్రంలోకి పోయాక ఒక ఓడలో మామూలు మనుషులు, రెండో ఓడలో నేరస్తులు, తేడా అల్లా వెనక కట్టిన గుడ్డ ముక్క. నా కథలో ఓడది లైబీరియా జెండా. ఎవరూ వాళ్ళని అరెస్టు చెయ్యరు, అది నాకూ తెలుసు, కానీ రోజూ పొద్దున ఆ జెండా ఎగరేసే డ్యూటీ థర్డ్ మేట్‌ది అని రాశా. చాలదా బరువు?

బరువు ఇంకా కావాలంటే లీవులున్నాయి. ఇదే అసలు విలన్, దీని ముందు తుఫాను జుజుబి. కాంట్రాక్టు ఆర్నెల్లు, లీవు మూడు నెలలు, ఎవరు ఏ షిప్పు ఎక్కాలో కంపెనీ చెప్తుంది. ఒకడు జనవరిలో ఎక్కి జులైలో దిగితే రెండోవాడు జూన్లో ఎక్కేస్తాడు. మా లెక్కలు మేం వేళ్ళ మీద వేసుకుంటాం, ఈసారి ఎన్ని రోజులు కలిసొస్తాయి, పదకొండు, ఆ పదకొండులో నాలుగు రోజులు మెడికల్‌కీ ఏదో కోర్సు రెన్యువల్‌కీ ముంబై పోవాలి, మిగిలింది ఏడు. అన్నీ కుదిరి టికెట్ వేసుకున్నాక మన బదులు ఎక్కాల్సిన రిలీవర్ రాడు. 2020లో అయితే కోవిడ్ వల్ల ప్రపంచం మొత్తం మీద ఓ నాలుగు లక్షల మంది కాంట్రాక్టు అయిపోయినా దిగలేక షిప్పుల్లోనే ఉండిపోయారు, ఏ దేశమూ కిందకి అడుగు పెట్టనివ్వలేదు. నేను ఐదు నెలలకని ఎక్కి పదకొండు నెలలకి దిగా. కాకినాడ తీరం దూరంగా కనపడుతూ ఉండేది లంగరేసిన చోటు నుంచి, దిగే దారి లేదు. ఆ ఏడాది మీద ఒక్క ప్రేమకథ నాకు కనపడలేదు తెలుగులో, అదే నా ఆశ్చర్యం, ఇద్దరూ ఒకే షిప్పులో ఇరుక్కుపోతే ఎంత అదృష్టం, వేరేవేరే షిప్పుల్లో ఇరుక్కుంటే ఎంత నరకం.

ఇక్కడ నాలాగా రాయాలనుకునేవాళ్ళకి కూడా ఒక మాట, సందర్భం వచ్చింది కాబట్టి. కెప్టెనూ, ట్రైనింగులో ఉండే డెక్ క్యాడెటూ అనే జంట జోలికి పోకండి. ఇంగ్లీష్‌లో చాలా వస్తుంటాయి, చదవడానికి వేడిగా ఉంటుందేమో గానీ, క్యాడెట్ పుస్తకంలో సంతకం పెట్టేది ఆ కెప్టెనే, వాడి సీ టైము, అంటే సముద్రంలో పనిచేసిన రోజుల లెక్క, ఆయన చేతిలో ఉంది, వద్దు అంటే వాడు ఎక్కడికి దిగిపోతాడు, చుట్టూ నీళ్ళు. అది ప్రేమ కాదు. క్యాడెట్లుగా ఉన్నప్పుడు మాలో కొందరికి ఏం జరిగిందో మాకు తెలుసు, దాన్ని రొమాన్స్ అని అమ్మితే నాకు ఒళ్ళు మండుతుంది. నా ఇద్దరికీ మధ్య ఒక్క ర్యాంకే తేడా పెట్టింది అందుకే. ఆ ఒక్క ర్యాంకుకే "మీరు" గొడవ పన్నెండు పేజీలు పట్టింది.

అలాగే అందరూ నాలాగా పెద్ద షిప్పులే రాయక్కర్లేదు. మన వైజాగ్ ఫిషింగ్ హార్బర్లో మర బోట్లున్నాయి, బోటుకి ఒక డ్రైవరు, మిగతావాళ్ళు కళాసీలు, రోజుల తరబడి ఆ చిన్న బోటులో పక్కపక్కనే పడుకుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అరవై ఒక్క రోజులు బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, ఎవడి ఊరు వాడు పోతాడు. లోకమంతా సముద్రం విడదీస్తుంది అంటే, ఇక్కడ ఒడ్డే విడదీస్తుంది. శ్రీకాకుళం కుర్రాళ్ళు గుజరాత్ వెరావల్ దాకా వలస పోతారు వేటకి, పొరపాటున అవతలి నీళ్ళలోకి పోయి పాకిస్తాన్‌కి దొరికిపోయి ఏడాది పైన జైల్లో ఉండి 2020 జనవరిలో తిరిగొచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కథలు నేను రాయలేను, ఆ బోటు వాసన నాకు తెలీదు, ఆ వలల పేర్లు నాకు రావు. వచ్చినవాళ్ళు ఎవరో రాస్తారు. రాసి మీకు పంపితే దయచేసి వాళ్ళని కూడా ముంచెయ్యమనకండి, గంగమ్మతల్లికి మొక్కుకుని బయల్దేరేవాళ్ళు, తిరిగి రావాలనే కదా ఆ మొక్కు.

మీ పోటీ ప్రకటనలో ఒక మాట ఉంది, అదీ చెప్పేస్తా. "స్వలింగ సంపర్కుల జీవితాలపై కథలు కూడా ఆహ్వానిస్తున్నాం" అని వేశారు. ఆహ్వానించారు, సంతోషం. కానీ ఆ సంపర్కం అనే మాట ఒకసారి పైకి చదువుకుని చూడండి, డాక్టరు చీటీలాగా ఉంటుంది. మిగతా కథలకి మీరు "స్త్రీపురుష సంపర్కుల కథలు" అనట్లేదు కదా, ప్రేమకథలు అంటున్నారు. మాకూ అదే మాట వాడండి. గే అన్నా పర్లేదు, అందరికీ తెలిసిన మాటే. నా కథలో ఐతే ఆ మాటలేవీ లేవు, "మనసైంది" అని ఉంది ఒకచోట, చాలు.

ఇంక ముగింపు, మీకు తేలిపోయినట్టు కనిపించింది.

కథ రాసుకుంటున్నప్పుడు మా వదిన రోజూ రాత్రి గిన్నెలు కడిగేసి వచ్చి ఫోన్లో చదివేది. వదినకి నా సంగతి తెలుసు, ఎప్పట్నుంచి తెలుసో నాకు తెలీదు. ఆఖరి భాగానికి వచ్చేసరికి అడిగింది, "ఏం బాబూ, ఆలిద్దరికీ పెళ్ళవుద్దా మరి?" అని. అవదు వదినా, 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు అది మా పని కాదు, పార్లమెంటు పని అనేసింది అని చెప్పా. "మరేటి చేస్తారు" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు అప్పటికి. మామూలు రొమాన్స్‌లో ఆఖరి పేజీకి తాళిబొట్టు ఉంటుంది, మాకు ఏం పెట్టాలి అక్కడ? ఫ్లాటు? 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ వాళ్ళు జాయింట్ అకౌంట్ తీసుకోవచ్చు, నామినీగా రాసుకోవచ్చు, అడ్డేం లేదు అని చెప్పారు, అది కూడా రాసి చూశా, బ్యాంకు కౌంటర్ దగ్గర రొమాన్స్ ఎందుకో పండలేదు. టోకెన్ నంబర్లు పిలుస్తుంటే ఎవడికి వస్తుంది మూడ్.

చివరికి దొరికింది నా బ్యాగులోనే. జాయినింగ్ పేపర్లలో ఒక ఫారం ఉంటుంది, నెక్స్ట్ ఆఫ్ కిన్. మనకేదైనా అయితే కంపెనీ ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి అని. పేరు, బంధుత్వం, అడ్రసు, ఫోన్ నంబరు. నాలుగు గళ్ళు. క్యాడెట్‌గా ఉన్నప్పట్నుంచీ ప్రతి కాంట్రాక్టుకీ నాన్న పేరు రాశా, నాన్న పోయాక అమ్మ పేరు.

నా కథలో ఆఖరి సీన్ అదే. కాకినాడ కుర్రాడు, సెకండ్ మేట్‌గా ప్రమోషన్ వచ్చి, కొత్త షిప్పు ఎక్కబోతూ మేనింగ్ ఆఫీసులో కూర్చుని ఆ ఫారం నింపుతాడు. భీమిలివాడి పేరు రాస్తాడు. నంబరు చూసుకోకుండానే రాస్తాడు. బంధుత్వం గడి దగ్గర ఆగుతాడు. ఫారం ఇంగ్లీష్‌ది, మనసులో అనుకునేది మాత్రం మా అమ్మమ్మలు వాడే మాట, మా ఇంటి మనిషి అని. ఫ్యామిలీ అని రాసి సంతకం పెట్టేస్తాడు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి చూసి, ఏమీ అనకుండా స్టాంపు వేస్తుంది. అంతే కథ.

దీంట్లో చావు లేదని మీరన్నారు. ఉందండీ. ఆ ఫారం ఉన్నదే చావు కోసం. వాడు రేపు నిజంగా సముద్రంలో పడితే, విలియమ్సన్ టర్న్ తిరిగినా దొరక్కపోతే, రాత్రి రెండింటికి ఏ ఇంట్లో ఫోన్ మోగుతుంది అన్నది ఆ గడిలో ఉంది. మోగాల్సినచోట మోగుతుంది. అది మీకు తేలిగ్గా కనిపిస్తే నేనేం చెయ్యలేను.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అని సామెత ఉంది కదా, కొత్త గొంతులు కావాలి కొత్త గొంతులు కావాలి అని ప్రకటనలు వేసి, వచ్చాక ఈ గొంతు వద్దు అన్నట్టు చెయ్యకండి, అంతే నా కోరిక. కథ మళ్ళీ పంపుతున్నా, ముగింపు మార్చలేదు, విలియమ్సన్ టర్న్ చాప్టర్ ఒకటి కలిసింది, దాంతో మీ పేజీల లిమిటు దాటి ఓ మూడొందల పదాలు ఎక్కువయ్యాయి, అది మాత్రం కత్తిరించుకోండి, "సార్" దగ్గర తప్ప ఎక్కడైనా పర్లేదు.

వచ్చే నెల పదో తారీఖుకి జాయినింగ్ చెప్పారు, సింగపూర్‌లో. ఈసారి షిప్పులో నెట్ బానే ఉంటుందట, ఫోన్ కలుస్తుంది. పొద్దున పూట మాత్రం చెయ్యకండి, నాది పన్నెండు-నాలుగు వాచ్, పదకొండు దాకా పడుకుంటా.